మరి ఆయన పెళ్లాం పిల్లలు ఎక్కడున్నారు?

పోయిన నెలలో ఒక రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి హాల్లో టీవీకి తగిలించింది. మాస్ కమ్యూనికేషన్ చదువుతోంది కదా, 'నానూక్ ఆఫ్ ది నార్త్' అనే డాక్యుమెంటరీ మీద నాలుగు పేజీలు రాసుకురమ్మన్నారట కాలేజీలో. 1922 నాటి మూకీ సినిమా. "మాటలుండవు నానమ్మా, నీక్కూడా అర్థమవుతుంది, రా" అని మా అత్తగారిని కూడా సోఫాలో కూర్చోబెట్టింది.

ఎటు చూసినా మంచు. ఒక చిన్న పడవ ఒడ్డుకొచ్చి ఆగుతుంది. అందులోంచి ముందు నానూక్ దిగుతాడు, ఆ తర్వాత భార్య, పసివాడు, ఇంకొకావిడ, చివరికి ఒక కుక్కపిల్ల. అంత చిన్న పడవలో ఇంతమందీ ఎలా పట్టారా అని ముగ్గురం నవ్వుకున్నాం. తర్వాత నానూక్ మంచును ఇటుకల్లా కోసి ఇల్లు కడతాడు. వెలుతురు రావడానికి గోడలో ఒక గడ్డకట్టిన పలక పెడతాడు. రాత్రికి అందరూ ఆ ఇంట్లో ఒకే పడక మీద జంతువుల చర్మాలు కప్పుకుని పడుకుంటారు.

మా అత్తగారు కళ్లద్దాలు తీసి పమిటతో తుడుచుకుంటూ, "ఇంతకీ ఇది తీసినాయన ఏడాదంతా ఆ మంచులోనే ఉన్నాడా?" అని అడిగారు. ఉన్నాడని చెప్పింది మా అమ్మాయి. "మరి ఆయన పెళ్లాం పిల్లలు ఎక్కడున్నారే?"

"అది సిలబస్‌లో లేదు నానమ్మా."

మా అమ్మాయి జోక్‌గానే అంది. నాకు మాత్రం ఆ మాట మనసులో ఉండిపోయింది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని. కవుల గురించి ఎన్నో పాఠాలు రాశాను. ఏ కవి ఏ రాజు ఆస్థానంలో ఉన్నాడో, ఏ కావ్యం ఎవరికి అంకితమిచ్చాడో కంఠతా వచ్చేది. ఆయన రాసుకుంటూ కూర్చున్నప్పుడు పొయ్యి మీద ఎసరు ఎవరు పెట్టారన్నది ఏ పరీక్షలోనూ రాలేదు. అందుకే ఈసారి సిలబస్‌లో లేని ఆ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్లు చదివాను. చదివింది చెప్తాను, తర్వాత నా అభిప్రాయం కూడా చెప్తాను.

ఆ సినిమా తీసినాయన పేరు రాబర్ట్ ఫ్లాహర్టీ. 1884లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. కెనడా ఉత్తర ప్రాంతాల్లో ఖనిజాల కోసం వెతికే పని చేసేవాడు. ఆ ప్రయాణాల్లోనే కెమెరా పట్టుకున్నాడు. 1914లో ఫ్రాన్సెస్ హబ్బర్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ భూగర్భ శాస్త్రవేత్త కూతురు, బ్రిన్ మార్ కాలేజీలో చదువుకున్న మనిషి. పెళ్లినాటికి ఆవిడకు ముప్ఫై దాటాయి. అంటే తెలిసీ తెలియని వయసులో, ఎవరో కట్టబెడితే వచ్చిన అమ్మాయి కాదు.

పెళ్లయిన రెండేళ్లకు, 1916లో, పెద్ద నష్టం జరిగింది. ఉత్తరాదిన తీసుకొచ్చిన ఫిల్మును టొరంటోలో కూర్చుని సర్దుతుంటే సిగరెట్ నిప్పు పడింది. ఆ రోజుల్లో ఫిల్ము ఇట్టే భగ్గుమనేది. దాదాపు 30,000 అడుగుల ఫిల్ము కాలిపోయింది, ఆయన చేతులూ కాలాయి. మన ఇళ్లల్లో అయితే "ఇంక చాల్లే, ఏదైనా ఉద్యోగం చూసుకో" అంటాం. ఆయన మాత్రం మళ్లీ తీస్తానన్నాడు. నాలుగేళ్లు డబ్బుకోసం తిరిగాక రెవియాన్ ఫ్రేర్ అనే ఫ్రెంచి బొచ్చు తోళ్ల వ్యాపార కంపెనీ ఒప్పుకుంది. 1920లో హడ్సన్ అఖాతం ఒడ్డునున్న పోర్ట్ హారిసన్‌కు వెళ్లాడు. ఇప్పుడు ఆ ఊరిని ఇనుక్జువాక్ అంటారు. ఏడాదిపాటు అక్కడే ఉండి 'నానూక్' తీశాడు.

ఆ 1920లోనే వాళ్ల మూడో కూతురు మోనికా పుట్టింది. మా అత్తగారి ప్రశ్నకు జవాబు ఇదీ. ఆయన మంచులో నానూక్ పిల్లలకు కెమెరా పెడుతున్న ఏడాది, ఇంటి దగ్గర ఫ్రాన్సెస్ ముగ్గురు ఆడపిల్లల్తో ఉంది, అందులో ఒకరు చంటిపిల్ల.

ముగ్గురు పిల్లలున్న ఇల్లంటే ఏమిటో ఇది చదివేవాళ్లలో సగం మందికి నేను చెప్పక్కర్లేదు. ఒకరికి జ్వరం తగ్గేలోపు రెండోవాళ్లకు అంటుకుంటుంది. ఇప్పుడైతే ఊళ్లో లేని మొగుడికి ఫోనన్నా చేసి విసుక్కోవచ్చు. ఓడ వస్తే తప్ప ఉత్తరం చేరని చోట ఉన్నవాడిమీద ఎలా విసుక్కుంటుంది?

సినిమా 1922లో న్యూయార్క్‌లో విడుదలైంది, జనం విరగబడి చూశారు. ఆ మరుసటి ఏడాది పెద్ద స్టూడియో వాళ్లు డబ్బిచ్చి, సమోవా దీవులకు వెళ్లి ఇలాంటిదే ఇంకొకటి తీసుకురమ్మన్నారు. ఈసారి కుటుంబమంతా బయల్దేరింది. ఫ్రాన్సెస్, ముగ్గురు కూతుళ్లు, పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా, రాబర్ట్ తమ్ముడు డేవిడ్. మోనికాకు అప్పుడు మూడేళ్లు. సఫూనే అనే పల్లెలో ఏడాదిన్నరకు పైగా ఉన్నారు. ఫిల్ము కడగడానికి అక్కడున్న ఒక గుహే దిక్కు. ఆ గుహలో నీళ్లు తాగి రాబర్ట్ పెద్ద జబ్బు పడ్డాడు. ఫిల్ము కడిగిన మందు ఆ నీళ్లలో కలిసింది మరి. అటు షూటింగు, ఇటు జబ్బు మనిషి, ముగ్గురు పిల్లలు. ఫ్రాన్సెస్ ఇవన్నీ చూసుకుంటూనే ఫొటోలు తీసింది, సినిమా పనిలో పాలు పంచుకుంది.

ఆ సినిమా పేరు 'మొఆనా'. 1926లో దాని గురించి రాస్తూనే జాన్ గ్రియర్సన్ అనే విమర్శకుడు 'డాక్యుమెంటరీ' అన్న మాటను ఇలాంటి సినిమాలకు వాడాడు. ఇప్పుడు మా అమ్మాయి చదివే సబ్జెక్టు పేరు ఆ ఇంటి నుంచి వచ్చిందే అనుకోవచ్చు.

ఆ తర్వాత ఐర్లండ్ దగ్గర అరాన్ దీవుల్లో 'మ్యాన్ ఆఫ్ అరాన్' తీశారు. 1934లో వచ్చింది. ఆ వెంటనే మన పక్కకే వచ్చారు, మైసూరుకు. కిప్లింగ్ కథ ఆధారంగా 'ఎలిఫెంట్ బాయ్'. ఏనుగులను మహారాజావారు ఇచ్చారు. మావటివాడి కొడుకు సాబూను అందులో హీరో చేశారు. 1937లో సినిమా వచ్చింది, అదే ఏడాది ఫ్రాన్సెస్ పేరుతో 'ఎలిఫెంట్ డాన్స్' అనే పుస్తకం కూడా వచ్చింది. ఆ పుస్తకంలో ఉన్నవి ఏమిటో తెలుసా? మైసూరులో కూర్చుని ఆవిడ కూతుళ్లకు రాసిన ఉత్తరాలు. ఆ రోజుల్లో పిల్లలు ఇంగ్లండ్‌లో డార్టింగ్‌టన్ హాల్ బడిలో చదువుకునేవారు. అమ్మ ఏనుగుల గురించి రాస్తే పిల్లలు సముద్రాల అవతల చదువుకోవాలి.

హాస్టల్లో పిల్లల్ని పెట్టిన తల్లులకు ఆ పుస్తకం చెప్పకుండానే అర్థమవుతుంది. మనం ఫోన్‌లో "తిన్నావా?" అని అడుగుతాం. ఆవిడ ఏనుగు గురించి నాలుగు పేజీలు రాసింది. రెండూ ఒకటే.

ఆవిడ చేసింది ఉత్తరాలూ ఇంటిపనీ మాత్రమే కాదు. రాబర్ట్ 1924లో వేసిన 'మై ఎస్కిమో ఫ్రెండ్స్' పుస్తకం రాయడంలో ఆవిడ సాయముందని ఆ పుస్తకం మీదే ఉంటుంది. 1948లో వచ్చిన 'లూసియానా స్టోరీ'కి కథ ఇద్దరూ కలిసి రాశారు. ఆ కథకు ఇద్దరి పేర్లూ ఆస్కార్ నామినేషన్‌లో ఉన్నాయి. 1951లో ఆయన పోయాక 1955లో వెర్మాంట్‌లోని తమ పొలంలో సినిమావాళ్లను పిలిచి, సినిమాలు చూసి మాట్లాడుకునే సెమినార్ మొదలుపెట్టింది. ఫ్లాహర్టీ సెమినార్ అని ఇప్పటికీ జరుగుతోంది. ఆవిడ 1972లో పోయింది. అయినా ఈ రోజుకీ ఫ్లాహర్టీ అంటే ఒక్కరే. 'డాక్యుమెంటరీకి తండ్రి' అని ఆయన్నే అంటారు. తండ్రి ఉన్నాడంటే తల్లి కూడా ఉండాలి కదా అని ఎవరికీ తోచినట్టు లేదు.

ఇంతవరకు చదివి నేను ఫ్రాన్సెస్‌కు ఒక దండం పెట్టి, 'ప్రతి గొప్పవాడి వెనక' అనే ధోరణిలో ఒక వ్యాసం రాసేసేదాన్నే. ఆ వాక్యమంటే నాకు మొదట్నుంచీ చిరాకు. వెనక ఎందుకుండాలి అని. అయినా అలవాటు కొద్దీ రాసేసేదాన్ని. ఈలోగా ఇంకో పేరు ఎదురైంది. జోసెఫీ.

'నానూక్' సినిమాలో భార్యగా కనిపించే ఆవిడను తెరమీద నైలా అంటారు. ఆవిడ నానూక్ భార్య కాదు. అసలు నానూక్ కూడా నానూక్ కాదు, అతని పేరు అలకారియాలాక్. సినిమాకోసం ఒక ఇంటివాళ్లుగా కూర్చిన మనుషులు వాళ్లు. ఆ ఏడాది నైలాకూ రాబర్ట్‌కూ సంబంధం ఉంది. 1921లో సినిమా పని ముగించుకుని ఆయన ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లిన కొన్ని నెలలకు ఆవిడకు కొడుకు పుట్టాడు. వాడే జోసెఫీ ఫ్లాహర్టీ. ఇంటిపేరు మిగిలింది, తండ్రి మిగల్లేదు. రాబర్ట్ ఆ పిల్లాడిని ఎప్పుడూ కలవలేదు, తన కొడుకని ఒప్పుకోనూ లేదు.

ఇది చదివిన రోజు నాకు నన్నయ శకుంతల గుర్తొచ్చింది. కొడుకును వెంటబెట్టుకుని దుష్యంతుడి సభకు వెళ్లి, ఎరగనన్నవాడి ఎదుట నిలబడి వాదించిన ఆడది. మా లెక్చరర్ ఆ పాఠం చెప్తుంటే క్లాసంతా నిశ్శబ్దంగా ఉండేది. చివరికి ఆకాశవాణి పలికి శకుంతల నిజం చెప్పిందంటుంది, రాజు ఒప్పుకుంటాడు, భరతుడు రాజవుతాడు. నైలాకు వెళ్లడానికి సభ లేదు. ఆకాశవాణి కూడా పలకలేదు. ఆవిడ ముఖం మాత్రం ప్రపంచంలోని సినిమా హాళ్లన్నిట్లో కనపడింది, 'నానూక్ ఇల్లాలు' అన్న పేరుతో.

జోసెఫీ పెద్దవాడై, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నాడు. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం ఇనుక్జువాక్ దగ్గరి ఇన్యూట్ కుటుంబాలను దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తరలించింది. అక్కడ వేట బాగా దొరుకుతుందన్నారు, రెండేళ్లలో నచ్చకపోతే తిరిగి తీసుకొస్తామన్నారు. తీసుకెళ్లింది ఎక్కడికంటే చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనపడని చోటుకు. తిరిగి తీసుకొస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. 1955లో వెళ్లినవాళ్లలో జోసెఫీ కుటుంబం ఉంది. గ్రీస్ ఫియార్డ్ అనే చోట దించారు. అతని కూతురు మార్తాకు అప్పుడు ఐదేళ్లు. జోసెఫీ అక్కడే జీవితం వెళ్లదీసి 1984లో పోయాడు. ఈ తరలింపుకు కెనడా ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పింది.

న్యాయంగా చెప్పాలంటే, ఆ తరలింపుకూ రాబర్ట్‌కూ సంబంధం లేదు. అప్పటికే ఆయన చనిపోయి నాలుగేళ్లు. ఆ పాపం ప్రభుత్వానిది. కానీ తండ్రి అనేవాడు ఒకడున్నాడనీ, ఎక్కడో ఒక ఉత్తరం రాస్తే చదివేవాడున్నాడనీ ఆ పిల్లాడికి ఉండి ఉంటే ఎలా ఉండేదో! తండ్రి ఉన్న పిల్లాడికీ లేని పిల్లాడికీ తేడా ఏమిటో మన వీధుల్లోనే చూస్తుంటాం. స్కూలు ఫారం నింపేటప్పుడు మొదలవుతుంది ఆ తేడా.

ఇక నా అభిప్రాయం.

రాబర్ట్ ఫ్లాహర్టీ సినిమాలన్నిట్లో ఉన్నది కుటుంబమే. తండ్రి వేటకు వెళ్లడం, తల్లి పిల్లల్ని కాపాడుకోవడం, కొడుకు తండ్రి దగ్గర పని నేర్చుకోవడం. అవి చూస్తుంటే కళ్లు చెమరుస్తాయి. మా అత్తగారికి చెమర్చాయి, నాకూ చెమర్చాయి. కానీ ఆ కుటుంబాలన్నీ ఆయన కూర్చినవే. 'మొఆనా'లో ఒక ఇంటివాళ్లుగా కనపడేవాళ్లు ఒక ఇంటివాళ్లు కారు. 'మ్యాన్ ఆఫ్ అరాన్'లో తండ్రీ తల్లీ కొడుకూ ఒకరికొకరు ఏమీ కారు. 'లూసియానా స్టోరీ'లోనూ అంతే. ఇగ్లూ లోపల వెలుతురు చాలక సగం గోడ లేని ఇగ్లూ కట్టించి, ఆ చలిలో వాళ్లను పడుకోబెట్టి తీశాడట. సినిమా అంటే అంతే, అందులో నాకు అభ్యంతరం లేదు. నాటకంలో రాముడూ సీతా కూడా మొగుడూ పెళ్లాలు కారు.

నా అభ్యంతరం వేరేచోట. కుటుంబాన్ని అంత అందంగా చూపించిన మనిషి కుటుంబం గురించి మాట్లాడబోతే "అది ఆయన సొంత విషయం, కళాకారుణ్ణి కళతోనే చూడాలి" అంటారు. మరి ఆయన మంచితనం గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆ నియమం ఎందుకు పాటించరు? ఇన్యూట్‌లంటే ఆయనకు ఎంత ప్రేమో, పల్లె మనుషులంటే ఎంత గౌరవమో అని పేజీలు పేజీలు రాస్తారు. ప్రేమ గురించి రాసినప్పుడు బాధ్యత గురించీ రాయాలి కదా! ఆ ఇన్యూట్‌లలో ఒకడు ఆయన కొడుకు.

మనకు ఇది కొత్త కాదు. కవి అయితే, గాయకుడైతే, ఉద్యమకారుడైతే ఇంటి విషయంలో కొంత మాఫీ ఉంటుంది. "ఆయనకు ఇవన్నీ పట్టవమ్మా" అని మెచ్చుకోలుగా చెప్పుకుంటారు. పట్టకపోవడం కూడా ఒక గొప్పే. ఆ పట్టనివన్నీ పట్టించుకున్నది ఎవరని అడిగితే "ఆవిడ దేవత" అంటారు. దేవత అన్నాక ఇక జీతం, పేరు, సెలవు ఏవీ ఇవ్వక్కర్లేదు. నైలా లాంటివాళ్లకు ఆ దేవత అన్న మాట కూడా దక్కదు.

ఇలా అంటే ఒక స్నేహితురాలు "అయితే ఆ సినిమా చూడొద్దంటావా?" అని అడిగింది. అననే అనను. చూడాలి. వందేళ్ల కిందటి మనుషుల చేతులు ఎలా కదిలేవో, మంచుతో ఇల్లు ఎలా కట్టేవారో ఆ సినిమా లేకపోతే నాకు తెలిసేది కాదు. పోర్ట్ హారిసన్ వాళ్లు కూడా ఆ సినిమాకోసం ఊరికే నిలబడలేదు. వేట చేసి చూపించారు, ఆయన పరికరాలను నడిపించారు, ప్రింటు వెయ్యడానికి నీళ్లు మోశారు. అది వాళ్ల పని కూడా. చూసినప్పుడు వాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలంటాను. మా అమ్మాయి కాలేజీ వాళ్లు నాలుగు పేజీలు రాయమన్నారు. మూడు పేజీలు సినిమా గురించి రాసి, ఒక్క పేజీ ఫ్రాన్సెస్ గురించీ నైలా గురించీ జోసెఫీ గురించీ రాస్తే ఆ సినిమాకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఇంకో మాట కూడా అనాలి. ఫ్రాన్సెస్‌ను నేను జాలిగా చూడను. ఆవిడ తనకు నచ్చిన బతుకు బతికింది. సమోవా చూసింది, అరాన్ చూసింది, మైసూరులో ఏనుగుల మధ్య తిరిగింది. మనలో చాలామందికి ఆ అవకాశం రాలేదు. ఆవిడ పనిని 'సాయం' అంటున్నారే, అది మాత్రం ఒప్పుకోలేను. డబ్బు, మనుషులు, సామాను, ప్రయాణాలు, జబ్బులు, ఉత్తరాలు ఇవన్నీ చూసుకునేవాళ్లను సినిమాల్లో ఏమంటారని మా అమ్మాయిని అడిగాను. "ప్రొడ్యూసర్ అంటారమ్మా" అంది. అలాగైతే ఆ ఇంటి నుంచి వచ్చిన ప్రతి సినిమాకూ ఇద్దరు ప్రొడ్యూసర్లు.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఎవరు ఎలా బతికినా చివరికి లెక్క తేలేది పిల్లల దగ్గరే.

మూడేళ్ల వయసులో సమోవా చూసిన మోనికా యాభై దాటాక 1975లో మళ్లీ అదే ఊరికి వెళ్లింది. తమతో పాటు డార్టింగ్‌టన్‌లో చదువుకుని, పెద్దయ్యాక 'లూసియానా స్టోరీ'కి కెమెరా పట్టిన రిచర్డ్ లీకాక్ ఆమెతో వెళ్లాడు. మూకీగా ఉండిపోయిన తండ్రి సినిమాకు అక్కడి మనుషుల మాటలు, పాటలు, ఊళ్లోని చప్పుళ్లు రికార్డు చేసి కలిపింది. కొన్నేళ్ల పనది. 2014లో ఆ సినిమాను మళ్లీ బాగుచేసినవాళ్లలో ఒకరు సామీ వాన్ ఇంజెన్, రాబర్ట్‌కు మునిమనవడు. అటువైపు వంశం తాతగారి సినిమాను జాగ్రత్త చేసుకుంది.

ఇటువైపు మార్తా. ఐదేళ్లప్పుడు చీకటి దేశానికి వెళ్లిన పిల్ల. పెద్దదై ఇన్యూట్ మహిళల సంఘానికి అధ్యక్షురాలైంది. తన వాళ్లకు జరిగింది ఊరూరా చెప్పింది. 2009లో మార్కీజ్ లెపాజ్ అనే దర్శకురాలు మార్తా జీవితం మీద 'మార్తా ఆఫ్ ది నార్త్' అనే డాక్యుమెంటరీ తీసింది. పేరు చూడండి. తాత తీసిన సినిమా పేరులాంటిదే మనవరాలి సినిమా పేరు. ఆయన తీయకుండా వదిలేసిన కథను ఎనభై ఏడేళ్లకు వేరొకరు కెమెరా పెట్టి తీశారు.

మా అమ్మాయి చదువయ్యాక డాక్యుమెంటరీలు తీస్తానంటోంది. ఇంట్లో అప్పుడే "ఆడపిల్ల, నెలల తరబడి ఊళ్లు పట్టుకు తిరిగితే రేపు ఇల్లెలా?" అన్న మాట వినిపించింది. ఎవరన్నారో చెప్పను. ఆ ప్రశ్న తప్పని కూడా అనను. ఆడపిల్లను ఒక్కదాన్నే అడగడం తప్పంటాను. రాబర్ట్‌ను ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. రేపు నాకు అల్లుడయ్యేవాణ్ణి కూడా అడుగుతాను, వాడు ఏ ఉద్యోగం చేసినా సరే.

వెళ్లమనే చెప్పాను దానికి. ఎవరింట్లోనైనా కెమెరా పెడితే వాళ్ల పేర్లు సరిగ్గా రాసుకోమన్నాను. వదిలి వచ్చేటప్పుడు ఏం వదిలి వస్తున్నావో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోమన్నాను.

నాలుగు పేజీలూ రాసి ఇచ్చింది. చివరి పేజీలో జోసెఫీ ఉన్నాడు. సిలబస్‌లో లేదని మార్కులు తగ్గిస్తారేమో తెలీదు. మా అత్తగారు మాత్రం ఆ పేజీ చదివించుకుని విని, "ఆ పిల్లాడి తల్లి ఏమైందే?" అని అడిగారు.

ఈసారి మా అమ్మాయి సిలబస్ మాట ఎత్తలేదు. "చదివి చెప్తా నానమ్మా" అంది.